తొలిసారి ఎస్‌పీఎం (సింగిల్ పాయింట్ మూరింగ్) బోయ్‌కి ఓడ కడుతున్నాం, ఫోక్సల్ (ఓడ ముక్కు) స్టేషన్ నాదే. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

ప్యారిస్_మేట్
అందరికీ నమస్కారం. మాది చీరాల. నాలుగు నెలలుగా చెన్నైలో ప్యారిస్ దగ్గర రూము తీసుకుని చీఫ్ మేట్ ఓరల్స్ (నోటి పరీక్ష) ఇచ్చి గట్టెక్కా. పై వారం సూయెజ్‌మాక్స్ ట్యాంకర్ ఎక్కుతున్నా, చీఫ్ ఆఫీసర్‌గా ఇదే మొదటి ఓడ. మొదటి లోడింగే గల్ఫ్‌లో ఒక ఎగుమతి టెర్మినల్, అదీ జెట్టీ కాదు, ఒడ్డు కనపడనంత దూరంలో నడిసముద్రంలో తేలే బోయ్. నేను ఇంతవరకూ చేసినవన్నీ ప్రొడక్ట్ ట్యాంకర్లు, అన్నీ జెట్టీలకే కట్టాం. పుస్తకం చదివా, బొమ్మలు చూశా, ఓరల్స్‌లో కూడా ఇదే అడిగితే చెప్పా. కానీ ముక్కు మీద నిలబడి చేయించాల్సింది నేనే అనుకుంటే టెన్షన్‌గా ఉంది. ఓడ కడుతుండగా అసలు ఏం జరుగుతుంది, ఎక్కడ తప్పు జరుగుతుంది, పుస్తకంలో లేనిది ఏదైనా ఉంటే చెప్పండి.

కేడెట్_ఉత్తండి
నేనూ ఫాలో అవుతున్నా సర్. మాకు క్లాసులో ఒక్క పీరియడ్‌లో చెప్పి వదిలేశారు.

భీమిలి_బోసన్
తమ్ముడూ, ముందు నీ డెక్ సంగతి చూసుకో. పికప్ రోప్ (బోయ్ చెయిన్‌ని ఓడ మీదకి తెచ్చే తాడు) చుట్టే డ్రమ్ము ఖాళీగా ఉండాలి, మన సొంత తాడు దాని మీద ఉండకూడదు. వచ్చే తాడు 80 మిల్లీమీటర్ల మందం, దాదాపు 150 మీటర్ల పొడవు, తడిసి బరువుగా వస్తుంది, డ్రమ్ము నిండిపోయి చెయిన్ ఇంకా బయటే ఉంటే అక్కడే ఇరుక్కుపోతావు. రెండోది, స్టాపర్ (ఆ చెయిన్‌ని పట్టి ఉంచే బిగింపు) నుంచి డ్రమ్ముకి తాడు తిన్నగా రావాలి. మూల తిరిగి వస్తే ఆ మూల లోపల ఎవ్వరినీ నిలబెట్టకు. నేను 22 ఏళ్లు చేశా, తాడు తెగితే ఎటు కొడుతుందో ముందు నేల మీద చూపించి ఆ తర్వాతే పని మొదలుపెట్టేవాణ్ని.

స్టాపర్ నాలుకని బోయ్ దగ్గరికి వెళ్లే ముందు రోజే గ్రీజు పెట్టి ఎత్తి దించి చూడు. లాకింగ్ పిన్ను చేతిలోకి తీసుకుని చూడు. పిన్ను దొరక్క పోర్ట్ సైడ్ నుంచి స్టార్‌బోర్డ్ సైడుకి పరుగెత్తినవాళ్లని చూశా.

ఎన్నూరు_టగ్గు
ఇతనికి అసలు బొమ్మ మొత్తం చెబితే మంచిది. నేను ట్యాంకర్ మీద కాదు, దాని వెనక టగ్గు మీద ఉండేవాణ్ని, నాకు తెలిసినంత చెప్తా.

బోయ్ అంటే పెద్ద ఇనప డబ్బా, పది పన్నెండు మీటర్ల వెడల్పు, కింద ఆరు గొలుసులో ఎన్నో పెట్టి సముద్రం అడుగుకి కట్టేస్తారు. దాని పైభాగం తిరుగుతుంది. ఒడ్డు నుంచి పైపులైను అడుగున వచ్చి, బోయ్ కింద ఉన్న దిమ్మ దగ్గర పైకి లేచి, బోయ్ గుండా తేలే హోసుల్లోకి వస్తుంది. ఆ హోసులు నీటి మీద పెద్ద పాములా తేలుతుంటాయి, మనం పోర్ట్ సైడ్ (ఎడమ వైపు) మానిఫోల్డ్‌కి, అంటే ఓడ పైపుల మూతులున్న చోటికి, ఎత్తి కలుపుకుంటాం. ఓడ ముక్కుని మాత్రం హాసర్‌తో, అంటే కొసకి చెయిన్ ఉన్న మందపాటి తాడుతో, బోయ్‌కి కడతారు, అంతే, ఇంకెక్కడా కట్టరు. గాలి మారితే, నీటి ఒరవడి మారితే, ఓడ మొత్తం బోయ్ చుట్టూ తిరిగి ఆ గాలికి, ఒరవడికి ఎదురుగా నిలబడుతుంది. ఆవుని గుంజకి కట్టినట్టు.

వెనక టగ్గు ఎందుకంటే, గాలి పడిపోయి ఒరవడి తిరిగే సమయంలో ఓడ తనంత తాను ముందుకు జారి బోయ్ మీదకి ఎక్కేస్తుంది. టగ్గు వెనక్కి కొంచెం బిగువు పెట్టి ఉంచుతుంది, లాగదు, బిగువు మాత్రం. ఖాళీ ఓడ గాలికి అటూ ఇటూ ఊగుతుంటే కూడా ఆ బిగువే ఆపుతుంది. రాత్రి రెండు గంటలప్పుడు ఆ బిగువు ఎంత ఉందో చూస్తూ కూర్చోవడమే మా ఉద్యోగం.

పాతలంగరు
బాబూ ప్యారిస్_మేట్, నేను 14 ఏళ్లు మూరింగ్ మాస్టర్‌గా (బోయ్‌కి ఓడలు కట్టించే పైలట్‌గా) చేసి రిటైరై అన్నానగర్‌లో ఉంటున్నాను. బోసన్ గారు తాడు గురించి, టగ్గు ఆయన బోయ్ గురించి చక్కగా చెప్పారు. నేను నీ నోటి గురించి చెప్తాను, ఎందుకంటే ఆ రోజు నీ చేతులకంటే నీ నోటికే ఎక్కువ పని.

నీ సూయెజ్‌మాక్స్ సుమారు 275 మీటర్ల పొడవు, 48 మీటర్ల వెడల్పు. బ్రిడ్జి, అంటే ఓడని నడిపే గది, ఓడ వెనక భాగంలో ఉంటుంది. అక్కణ్నుంచి ముక్కు అవతల కొంత దూరం నీళ్లు కనపడవు. సోలాస్ (సముద్ర భద్రత అంతర్జాతీయ ఒప్పందం) నియమం ప్రకారం ఓడ పొడవుకి రెండింతలు లేదా 500 మీటర్లు, వీటిలో ఏది తక్కువైతే దానికి మించి ఆ మరుగు ఉండకూడదు. నియమం పాటించిన ఓడే అయినా, ఖాళీగా ముక్కు పైకెత్తుకుని వస్తున్నప్పుడు ఆ డబ్బా చివరి కొన్ని వందల మీటర్లలో బ్రిడ్జికి కనపడకుండా పోతుంది. సరిగ్గా అప్పుడే అది ఎక్కడుందో తెలియాలి. అంటే బ్రిడ్జి మీద ఉన్న మూరింగ్ మాస్టర్ ఓడని నడిపేది ముక్కు మీద నుంచి వచ్చే మాటతోనే. టెర్మినల్ తరఫున ఆయన సహాయకుడు కూడా ముక్కు మీదకి వస్తాడు, చాలాచోట్ల దూరం చెప్పేది అతనే. కానీ ఓడ నీది, నువ్వు వినాలి, చూడాలి, తేడా కనిపిస్తే వెంటనే చెప్పాలి.

వేగం లెక్క బుర్రలో పెట్టుకో. ఒక నాట్ అంటే నిమిషానికి 31 మీటర్లు. అర నాట్ అంటే నిమిషానికి పదిహేను. బోయ్ 150 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఒక నాట్‌తో వెళ్తుంటే నీకు ఐదు నిమిషాలే టైముంది, ఆ ఐదు నిమిషాల్లో ఇంజను వెనక్కి తిప్పి ఆపాలి. నేనైతే 100 మీటర్ల లోపల 0.3 నాట్ దాటనిచ్చేవాణ్ని కాదు.

ఓడ నడక ఇలా ఉంటుంది. ఇలాంటి ఓడ డెడ్ స్లో అహెడ్‌లోనే (ముందుకు అన్నిటికంటే తక్కువ వేగంలోనే) ఐదారు నాట్లు పోతుంది కాబట్టి ఇంజను ఆపి, మళ్లీ కొంచెం పెట్టి, ఆపి, అలా తగ్గించుకుంటూ రావాలి. దగ్గర్లో ఇంకో బోయ్‌కి ఇంకో ట్యాంకర్ కట్టి ఉంటే అది ఎటు తిరిగి నిలబడిందో చూసి, అదే దిక్కు పట్టుకుని వస్తాం. అయితే అది నిండు ఓడ, మనది ఖాళీ ఓడ అయితే తేడా ఉంటుంది. నిండు ఓడ ఒరవడి మాట వింటుంది, ఖాళీ ఓడ గాలి మాట వింటుంది. ఆ తేడా తెలియనివాడు పక్క ఓడని చూసి మోసపోతాడు.

ఇంజను వెనక్కి పెట్టినప్పుడు కుడి చేతి ప్రొపెల్లర్ అయితే వెనక భాగం ఎడమకి, ముక్కు కుడికి పోతుంది. అందుకే బోయ్‌ని కొంచెం ఎడమ ముక్కున పెట్టుకుని వస్తాం, ఆపేటప్పుడు ముక్కు దాని నుంచి దూరంగా జరుగుతుంది గానీ దాని మీదకి కాదు. ఒకవేళ అంచనా తప్పినా పక్కనుంచి జారిపోతుంది.

కేడెట్_ఉత్తండి
సర్, దూరం ఎలా చెప్పాలి? కంటితో 200 మీటర్లు ఎలా తెలుస్తుంది?

పాతలంగరు
ముందు లేజర్ ఉంటే వాడు, సిగ్గుపడకు. లేకపోతే మెరీనా బీచ్‌కి పో బాబూ, లైట్‌హౌస్ దగ్గర నిలబడి ఫోన్‌లో మ్యాపు పెట్టుకుని 200 మీటర్ల దూరంలో ఉన్న ఏదో ఒక బండి చూడు. రోజూ చూడు. తర్వాత 100, తర్వాత 50. నేను నా దగ్గర పనిచేసిన పిల్లలకి అలాగే నేర్పాను. కన్ను నేర్చుకుంటుంది. అయితే నీటి మీద దూరం నేల మీద కంటే తక్కువగా కనిపిస్తుంది, ఎత్తు నుంచి చూస్తే ఇంకో రకంగా కనిపిస్తుంది, కాబట్టి ఓడ ఎక్కాక మళ్లీ సరిచూసుకోవాలి.

చెప్పే పద్ధతి ఇది. "బోయ్, ముక్కుకి ఎడమ, పది డిగ్రీలు, రెండొందలు." కొంచెం ఆగి మళ్లీ, "ఎడమ, పది డిగ్రీలు, నూట ఎనభై." ఏమీ మారకపోయినా చెప్పాలి. "ఇంకా రెండొందలే" అని చెప్పినా అది సమాచారమే. మాట ఆగిపోతే బ్రిడ్జి మీద ఉన్నవాడికి చీకటే.

ఇందులో ఒకటి నా అనుభవం చెప్తాను. ఒకచోట, టెర్మినల్ పేరు వద్దు, ముక్కు మీద ఉన్న ఆఫీసరు చక్కగానే చెప్తున్నాడు, నూట యాభై, నూట ఇరవై. తర్వాత మెసెంజర్ లైను (పికప్ రోప్‌ని పైకి తెచ్చుకునే సన్న తాడు) పడవ వాళ్లకి అందలేదని కిందకి వంగి వాళ్లతో అరుస్తూ ఉండిపోయాడు. రేడియో మౌనం. నేను బ్రిడ్జి రెక్క మీద నిలబడి రెండుసార్లు పిలిచాను, జవాబు లేదు. ఆ నలభై సెకన్లలో నాకు తెలిసింది నూట ఇరవై అన్న అంకె ఒక్కటే. అందులోంచి ఎంత తగ్గించాలో తెలియదు. నేను వెంటనే హాఫ్ ఆస్టర్న్ (ఇంజను సగం వేగంతో వెనక్కి) ఇచ్చి వదిలేశాను, ఆ ప్రయత్నం మానేశాను. తర్వాత చూస్తే బోయ్ నలభై మీటర్ల దూరంలో ఉందట, ముక్కు కింద. మళ్లీ తిరిగి రావడానికి రెండు గంటలు పట్టింది. ఆ ఆఫీసరు మంచివాడే, పని తెలిసినవాడే. ఒక్కడే రెండు పనులు చేయబోయాడు, అంతే. అందుకే చెప్తున్నా, మెసెంజర్ లైను ఇవ్వడం బోసన్‌కి అప్పగించు, నువ్వు మాత్రం మాట ఆపొద్దు.

వైజాగ్_పైలట్
మాస్టారూ, మీ మాట మీద గౌరవం ఉంది. కానీ ఇప్పుడు పోర్టబుల్ పైలట్ యూనిట్లు ఉన్నాయి, ముక్కు బోయ్ నుంచి ఎంత దూరంలో ఉందో, ఎన్ని సెంటీమీటర్ల వేగంతో కదులుతుందో తెర మీద పడుతుంది. నోటి మాట మీద అంత ఆధారపడాల్సిన పని లేదు అని నా అభిప్రాయం.

పాతలంగరు
నేనూ వాడాను, చాలా మంచి పరికరం. కానీ బోయ్ గొలుసుల మీద తేలే వస్తువు, అది కూడా కొన్ని మీటర్లు జరుగుతుంది, తెర మీద ఉన్న చుక్క చార్టులో వేసిన చోటే ఉంటుంది. హోసు గాలికి ఎటు కొట్టుకుపోయి ఉందో, పడవ దాన్ని పక్కకి లాగి పట్టుకుందో లేదో తెర చెప్పదు. మనిషి చెప్తాడు.

వైజాగ్_పైలట్
హోసు సంగతి ఒప్పుకుంటాను. బోయ్ చోటు సంగతి మాత్రం, కొన్ని టెర్మినళ్లలో బోయ్ మీదే జీపీఎస్ పెట్టి పంపుతున్నారు. అక్కడ నా మాటే నిజం. ఈ తేడా మనిద్దరి మధ్య ఇలాగే ఉండనివ్వండి.

లక్ష్మి_విల్లివాక్కం
మీ అందరి మధ్య అడగొచ్చో లేదో తెలీదు, మా ఆయన ట్యాంకర్‌లో సెకండ్ ఇంజనీర్. పోయిన నెల గల్ఫ్‌లో లోడింగ్ అన్నారు, రెండు రోజులు ఫోన్ లేదు. ఓడ ఎక్కడుందో చూపించే యాప్‌లో చూస్తే ఓడ చిన్న విల్లులా ఒక గీత గీస్తూ తిరుగుతోంది, ముందుకు పోవట్లేదు, ఒకచోట నిలవట్లేదు. ఇంజను పోయి కొట్టుకుపోతోందేమో అని రాత్రంతా నిద్ర లేదు. తెలిసినవాళ్లు లేక ఎవర్నీ అడగలేదు.

ఎన్నూరు_టగ్గు
అమ్మా, అది మంచి గుర్తే. బోయ్‌కి కట్టిన ఓడ అలాగే తిరుగుతుంది. పోటు వచ్చినప్పుడు ఒక దిక్కు, ఆటు తీసినప్పుడు ఇంకో దిక్కు, ముక్కు ఒకేచోట ఉండి ఒళ్లంతా తిరుగుతుంది కాబట్టి యాప్‌లో విల్లులాగో పూర్తి చక్రంలాగో కనిపిస్తుంది. ఈసారి అలా కనిపిస్తే ఓడ భద్రంగా కట్టుకుని ఉందని అనుకోండి. ఫోన్ ఎత్తకపోవడం కూడా మామూలే, గ్యాస్ ఉన్నచోట డెక్ మీద మామూలు ఫోన్ తీయనివ్వరు, అందులోనూ లోడింగ్ అప్పుడు ఇంజనీర్లకి డ్యూటీ ఎక్కువ.

లక్ష్మి_విల్లివాక్కం
చాలా థాంక్స్ అన్నయ్యా. మా అత్తగారికి కూడా చదివి వినిపించా.

మణలి_పైపులైన్
లోడింగ్ మాట వచ్చింది కాబట్టి నేనొకటి చెప్పాలి, ఇది చీఫ్ ఆఫీసర్‌కి ఓడ కట్టడం కంటే ముఖ్యం అని నేననుకుంటాను. నేను ఒడ్డు వైపు పంపింగ్ చూసినవాణ్ని.

దిగుమతి టెర్మినల్ వేరు, ఎగుమతి టెర్మినల్ వేరు. మన పారాదీప్‌లోనో వాడినార్‌లోనో ఓడ పంపులు నూనెని ఒడ్డుకి తోస్తాయి, ఏదైనా తేడా వస్తే ఓడ తన పంపు ఆపుకుంటే సరిపోతుంది. ఎగుమతిలో తోసేది ఒడ్డు. నీ చేతిలో ఉన్నది వాల్వు మాత్రమే. ఆ వాల్వుని కంగారులో మూశావంటే ఏమవుతుందో లెక్క వేసి చూడు. 24 అంగుళాల లైను 10 కిలోమీటర్లు ఉంటే అందులో ఉన్న నూనె సుమారు 2,900 ఘనపు మీటర్లు, బరువు 2,500 టన్నుల దాకా. అంత బరువు కదులుతూ వచ్చి ఒక్కసారిగా గోడకి కొట్టుకుంటుంది. ఆ దెబ్బ ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ పగులుతుంది, అంటే చాలావరకు హోసు దగ్గర. అందుకే లైనులో మెరైన్ బ్రేక్‌అవే కప్లింగ్ పెడతారు, దెబ్బ మరీ పెద్దదైతే అది విడిపోయి రెండు వైపులా మూసుకుంటుంది. కానీ దాని మీద ఆధారపడి పని చేయకూడదు. నియమం ఒకటే, ముందు ఒడ్డుకి స్టాప్ చెప్పు, పంపు ఆగిందని జవాబు విను, తర్వాత నీ వాల్వు.

ట్యాంకు మార్చేటప్పుడు కూడా అంతే, కొత్తది తెరిచాక పాతది మూయాలి. సూయెజ్‌మాక్స్‌కి పది లక్షల బ్యారెళ్లు, గంటకి 40 వేలు వస్తుంటే 25 గంటల పని. చివరి రెండు గంటలు, ట్యాంకులు చివరిదాకా నింపే టాపింగ్ ఆఫ్ టైము, చాలా ముందుగానే ఒడ్డుకి నోటీసు ఇచ్చి రేటు తగ్గించమనాలి, ఎంత ముందు అన్నది మొదటి మీటింగులోనే రాయించుకో. నోటితో అనుకున్నది నోట్లోనే పోతుంది.

కోనసీమ_కుర్రోడు
మా ఊరి పక్కన కూడా ఇదే పద్ధతి ఉంది కదా. ఉప్పలగుప్తం మండలం ఎస్.యానాం దగ్గర రవ్వ క్షేత్రం నూనెని ఒడ్డున ట్యాంకుల్లో నింపి, సముద్రంలో బోయ్‌కి కట్టిన ట్యాంకర్‌లోకి పంపడం. చిన్నప్పుడు బీచ్ నుంచి దూరంగా ఓడ కనిపిస్తే లంగరు వేసింది అనుకునేవాళ్లం. అది ఇలా తిరుగుతూ ఉంటుందని ఇవాళే తెలిసింది. నేనిప్పుడు చెన్నైలో సాఫ్ట్‌వేర్, ఈ థ్రెడ్డు మొత్తం చదివా.

భీమిలి_బోసన్
మణలి ఆయన మాట బంగారం. నేను దానికి ఒకటి కలుపుతా. హోసు ఎత్తేటప్పుడు క్రేన్ మీద ఉన్నవాడికి ఒక్కడే సైగ చేయాలి. హోసు రెయిల్ మీదకి వచ్చాక గొలుసు వేసి దాని బరువు ఓడ మీద పడేలా కట్టాలి, మానిఫోల్డ్ ఫ్లాంజి మీద వేలాడనివ్వకూడదు. మూత విప్పేటప్పుడు లోపల నూనె, గ్యాసు ఉంటాయి. కొన్ని క్రూడుల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువ. మీటర్ పెట్టుకోకుండా ఒక్కణ్ని కూడా దగ్గరకి రానివ్వకు, ముక్కుకి వాసన తగిలితే తెలుస్తుందిలే అనుకుంటే పొరపాటు, ఎక్కువైతే ఆ వాసన పట్టే శక్తే పోతుంది.

కాసిమేడు_వలంటీర్
నేను ఓడల మనిషిని కాదు. కానీ 2017 జనవరి 28న ఎన్నూరు బయట రెండు ఓడలు ఢీకొని నూనె ఒలికినప్పుడు తీరం శుభ్రం చేయడానికి వెళ్లినవాళ్లలో ఉన్నా. బక్కెట్లతో తోడాం. రాళ్ల మధ్య నల్లటి ముద్ద, చేత్తో పట్టుకుంటే జారిపోయేది, చెప్పులు అక్కడే వదిలేశా. ఆ వాసన వారం రోజులు చేతుల్లోంచి పోలేదు. జాలర్లు పక్కన నిలబడి చూస్తున్నారు, చేపలు కొనేవాళ్లు లేక. మీరు ఇక్కడ చెప్పుకుంటున్న వాల్వు, హోసు, పిన్ను సంగతులన్నీ ఆ బక్కెట్లు రాకుండా ఉండటానికే అని నాకు అర్థమైంది. అందుకే చదువుతున్నా. ఈ పని జాగ్రత్తగా చేసేవాళ్లందరికీ నమస్కారం.

ప్యారిస్_మేట్
ఇంత రాస్తారని అనుకోలేదు. అన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నా. ఒక సందేహం. పికప్ రోప్ లాగుతూ ఉంటే ఓడ దాని మీద ముందుకు పోతే తప్పా? జెట్టీ దగ్గర తాడు లాగి ఓడని దగ్గరకి తెచ్చుకుంటాం కదా.

భీమిలి_బోసన్
ఒద్దు. ఒద్దంటే ఒద్దు. ఆ తాడు చెయిన్‌ని పైకి తేవడానికి, ఓడని లాగడానికి కాదు. తాడు ఎప్పుడూ కొంచెం వదులుగా వేలాడుతూ ఉండాలి. బిగుసుకుంటే వించి ఆపేసి బ్రిడ్జికి చెప్పు, ఓడ దగ్గరకి రావాలి గానీ తాడు బలం పెట్టకూడదు. 76 మిల్లీమీటర్ల చేఫ్ చెయిన్ స్టాపర్ దాటి వచ్చాక, సరైన లింకు నాలుక కింద పడిందో లేదో నీ కళ్లతో చూసి, పిన్ను వేసి, తర్వాతే తాడు మీద బిగువు వదులు. తాడు డ్రమ్ము మీదే ఉంచు, తీసేయకు. పెద్ద ఓడలకి రెండు చెయిన్లు ఉంటాయి, అప్పుడు ఒకదాని పని పూర్తయ్యాక రెండోది.

పాతలంగరు
నువ్వు కట్టాక పని అయిపోయిందని ఎవరూ లోపలికి వెళ్లకూడదు. విడిచేదాకా ముక్కు మీద ఒక మనిషి కాపలా ఉండాలి, రేడియోతో. హాసర్ ఎటు చూపిస్తోంది, బిగువుగా ఉందా, వదులుగా వేలాడుతోందా, బోయ్ ఎంత దూరం. గంటకోసారి కాదు, ఎప్పుడు మారితే అప్పుడు. లోడింగ్ సాగేకొద్దీ ఓడ నీటిలోకి దిగుతుంది, పొద్దున గాలి మాట విన్నది సాయంత్రానికి ఒరవడి మాట వినడం మొదలుపెడుతుంది. గాలి ఒక దిక్కు, నీరు ఎదురు దిక్కు ఉండి రెండూ సమానమయ్యే సమయం ఒకటి వస్తుంది. అప్పుడే ఓడ ముందుకు జారుతుంది. ఆ సమయం ఎప్పుడు రావచ్చో ఆటుపోట్ల పట్టిక చూసి ముందే కాపలా వాడికి చెప్పి ఉంచు, నిద్రమొహంతో ఉన్నవాణ్ని ఆ టైములో పెట్టకు.

షమాల్ అంటే తెలుసుగా, వాయవ్యం నుంచి వచ్చే గాలి, గల్ఫ్‌లో పట్టిందంటే అలలు త్వరగా లేస్తాయి. విడిచి వెళ్లాల్సిన పరిమితి ఎంత అన్నది టెర్మినల్ పుస్తకంలో రాసి ఉంటుంది, నువ్వు ఎక్కిన మొదటి రోజే ఆ పేజీ తెరిచి చదువు.

కేడెట్_ఉత్తండి
సర్, అక్కడ భద్రత గురించి కూడా చెప్తారా? బాస్రా టెర్మినల్ మీద దాడి జరిగిందని చదివా.

ఎన్నూరు_టగ్గు
2004 ఏప్రిల్ 24న. అల్ బాస్రా, ఖోర్ అల్ అమాయా టెర్మినళ్ల మీదకి పేలుడు పదార్థాలు నింపిన పడవలు వచ్చాయి, ముగ్గురు అమెరికన్ సైనికులు చనిపోయారు. అందుకే ఇప్పుడు అలాంటి చోట్లకి పడవ దేనికి వస్తున్నా ముందే చెప్పాలి, పేర్లు రాసుకుంటారు. అంతర్జాతీయ సముద్ర చట్టం ప్రకారం ఇలాంటి కట్టడాల చుట్టూ 500 మీటర్ల దాకా భద్రతా వలయం పెట్టొచ్చు. మనవైపు చేపల పడవలు బోయ్ చుట్టూ చేపలు బాగా పడతాయని దగ్గరకి వస్తాయి, వాళ్లని దూరంగా ఉంచడం కూడా మా టగ్గు పనే. కోప్పడకుండా చెప్తే వింటారు.

ప్యారిస్_మేట్
రేపు రాత్రి ఫ్లైట్. నెట్ దొరికినప్పుడు మళ్లీ వస్తా.

*(26 రోజుల తర్వాత)*

ప్యారిస్_మేట్
అందరికీ నమస్కారం. లోడింగ్ అయిపోయింది, ఇప్పుడు నిండుగా తిరిగి వస్తున్నాం. జరిగింది జరిగినట్టు రాస్తా.

ఉదయం ఆరుకి మూరింగ్ మాస్టర్, ఆయన మనుషులు పడవలో వచ్చి ఎక్కారు, సామాను మన క్రేన్‌తో ఎత్తుకున్నాం. గాలి కుడి ముక్కు నుంచి, ఓ పదిహేను నాట్లు. పక్క బోయ్‌కి నిండు వీఎల్‌సీసీ (మనకంటే పెద్ద క్రూడ్ ట్యాంకర్) ఒకటి కట్టి ఉంది. పాతలంగరు గారి మాట గుర్తొచ్చి దాని దిక్కు మనకి పనికి రాదని అనుకున్నా, నిజంగానే మనం దానికంటే ముప్పై డిగ్రీలు తేడాగా వెళ్లాం. మెసెంజర్ లైను బోసన్‌కి అప్పగించా. దూరం టెర్మినల్ మనిషి చెప్తున్నాడు, నేను పక్కనే నిలబడి నా లేజర్‌తో చూసుకుంటున్నా. నూట ఇరవై దగ్గర ఆయన నూట నలభై అన్నాడు. నేను వెంటనే రేడియోలో "బో, నా లెక్క నూట ఇరవై" అన్నా. బ్రిడ్జి నుంచి "నూట ఇరవై, థాంక్యూ" అని మాత్రం వచ్చింది, ఇంజను ఆస్టర్న్ మోత వినిపించింది. అతను కూడా లేజర్ నా చేతిలోంచి తీసుకుని చూసి తల ఊపాడు, ఆ తర్వాత నుంచి ఇద్దరం చూసి ఒక్క అంకె చెప్పాం.

అరవై మీటర్ల దగ్గర బోయ్ మీద పక్షులు కూర్చుని ఉండటం, పసుపు రంగు పెచ్చులూడి ఉండటం కనిపించాయి. అంత దగ్గరగా, అంత నెమ్మదిగా వస్తుంటే ఓడ ఆగిపోయిందేమో అనిపించింది. కిందకి చూస్తే నీళ్ల మీద నురగ మాత్రం మెల్లగా వెనక్కి జారుతోంది, దాన్ని బట్టే కదులుతున్నామని తెలిసింది.

చెయిన్ స్టాపర్‌లో పడ్డాక పిన్ను వేసింది నేనే. టైము 08:42.

లోడింగ్ మీటింగులో మణలి గారు చెప్పినట్టు ఆపే నోటీసు ఎన్ని నిమిషాలో రాయించా. రెండో రాత్రి మూడున్నరకి కాపలా వాడు హాసర్ వదులైందని చెప్పాడు, పట్టికలో నేను గుర్తు పెట్టుకున్న టైముకి ఇరవై నిమిషాల ముందే. టగ్గుకి చెప్పాం, బిగువు పెంచారు, బోయ్ ముక్కు నుంచి ముప్పై మీటర్ల దగ్గర ఆగింది. ఒక గంట అలాగే ఉండి తర్వాత ఓడ మెల్లగా తిరిగి వెనక్కి పోయింది.

పాతలంగరు
నూట నలభై అన్నప్పుడు నువ్వు నూట ఇరవై అన్నావు చూడు, అది చాలు నాకు. మద్రాసు వచ్చినప్పుడు ఇంటికి రా, భోజనానికి.

భీమిలి_బోసన్
విడిచేటప్పుడు ఎలా చేశారు తమ్ముడూ? చెయిన్ వదిలేసి తాడు పరుగెత్తనిచ్చారా, వించి మీద దించారా?

ప్యారిస్_మేట్
వించి మీదే అన్నా. ఓడ కొంచెం ముందుకి వచ్చి చెయిన్ వదులయ్యాక పిన్ను తీసి, నాలుక ఎత్తి, తాడుని గేరులోనే ఉంచి మెల్లగా దించాం. తాడు చివర నీళ్లలో పడ్డాక పడవ వాళ్లు పట్టుకుని హోసుల నుంచి పక్కకి లాక్కెళ్లారు. తాడు పూర్తిగా దూరం అయ్యిందని నేను చెప్పేదాకా బ్రిడ్జి ఇంజను ముట్టుకోలేదు.

భీమిలి_బోసన్
సరే. పిన్ను ఎక్కడ పెట్టారు?

ప్యారిస్_మేట్
గ్రీజు రాసి, స్టాపర్ పక్కనే చెయిన్‌తో కట్టి ఉంచా. కేడెట్‌కి కూడా చూపించా.